అడవి వరిలో సంకరం: కోరాపుట్ చెరువుల్లో జన్యు మార్కర్ల అవసరం

సభకు నమస్కారం.

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడ ప్రాంతాల నుంచి వచ్చిన రైతులు, వృక్షశాస్త్రం చదువుతున్న విద్యార్థులు కలిసి కూర్చున్న ఈ సభలో నేను ఒక్క మొక్క గురించే మాట్లాడతాను. అది మన చెరువుల అంచుల్లో, పల్లపు గుంటల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే అడవి వరి. మంత్రపుష్పంలో మనం వినే నీవారశూకం దీని గింజ కొసన ఉండే సన్నని ముల్లే.

జయపురం ప్రాంతం ఆసియా వరి వైవిధ్యానికి ముఖ్యమైన కేంద్రాల్లో ఒకటి. 1950ల రెండో సగంలో ఇక్కడ జరిగిన సర్వేలో 1,700కు పైగా దేశవాళీ వరి నమూనాలు సేకరించారు. కాలాజీర, మచ్ఛకంట వంటి రకాల గొప్పతనం ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. వాటి పక్కనే పెరిగే అడవి బంధువును మాత్రం కేళీగా, కలుపుగా చూడడానికే మనం అలవాటుపడ్డాం. సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ తెగులు వరిని దెబ్బతీసిన కాలంలో, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలను పరీక్షించగా, దాన్ని గట్టిగా తట్టుకున్న జన్యువు ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన నీవార అనే అడవి వరిలో దొరికింది. ఆ జన్యువును ఇముడ్చుకుని 1976లో విడుదలైన ఐ.ఆర్.36 ఆసియాలో కోట్ల ఎకరాల్లో పండింది.

అటువంటి మొక్కకు గుంటలు పూడ్చడం వల్ల వచ్చే ముప్పు అందరికీ కనబడుతుంది. సాగు వరితో సంకరం వల్ల వచ్చే ముప్పు కనబడదు. సాగు వరి చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అడవి వరిలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి బతికే జాతిలో, పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు పువ్వు వెలుపలికి చాచుకుని ఉండడం వల్ల బయటి పుప్పొడి సులువుగా పడుతుంది. పుప్పొడి నిమిషాల్లోనే శక్తి కోల్పోతుంది కనుక దూరపు పొలాలతో భయం లేదు. గట్టుకు ఆనుకున్న మడి అదే వారంలో పూతకు వస్తేనే చిక్కు. చిన్న గుంటలో ఉన్న కొద్దిపాటి మొక్కల చుట్టూ ఎకరాల కొద్దీ సాగు వరి ఉన్నప్పుడు, ఏటేటా అటు నుంచే జన్యువులు చేరి, గుంట పచ్చగా ఉండగానే అడవి వరి తన స్వభావం కోల్పోతుంది. తైవాన్‌లో అడవి వరి కనుమరుగు కావడానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి.

కంటితో చూసి దీన్ని పట్టుకోలేం. మొదటి తరం సంకరం కొంత తేడాగా కనిపించినా, అది మళ్లీ అడవి వరితో కలిసిన రెండు మూడు తరాలకు ముల్లు, గింజ రాలే గుణం అన్నీ అడవి మొక్కలాగే ఉంటాయి. అందుకే మార్కర్లు, అంటే డీఎన్‌ఏలో అడవి వరికీ సాగు వరికీ తేడా కనిపించే గుర్తు చోట్లు కావాలి. ఆకు ముక్కను సిలికా జెల్‌లో ఆరబెట్టి, డీఎన్‌ఏ తీసి, ఎంచుకున్న భాగాన్ని పీసీఆర్ అనే పద్ధతితో ఎన్నో నకళ్లుగా పెంచి జెల్ మీద కరెంటుతో నడిపిస్తే, ఉదాహరణకు ఆ చోట అడవి వరికి ఒక పట్టీ పైన, సాగు వరికి ఒక పట్టీ కింద కనబడతాయి. సంకరానికి రెండూ కనబడతాయి. పత్రహరిత రేణువుల డీఎన్‌ఏ వరిలో తల్లి నుంచే వస్తుంది కనుక, అది అడవి వరిదైతే పుప్పొడి పొలం నుంచి వచ్చిందని తేలుతుంది.

ఎన్ని మార్కర్లు చూడాలన్నది ఖర్చు కోసం తేల్చేసే విషయం కాదు. మొదటి తరం సంకరంలో అన్ని మార్కర్ల దగ్గరా రెండు పట్టీలుంటాయి. అడవి వరితో మళ్లీ కలిసిన ప్రతి తరంలో అవి సగటున సగానికి తగ్గి, మూడోసారికి ఎనిమిదో వంతే మిగులుతాయి. అప్పుడు ఎనిమిది మార్కర్లే చూస్తే అటువంటి మొక్కల్లో దాదాపు మూడో వంతు స్వచ్ఛమైనవిగా లెక్కలోకి వస్తాయి. పన్నెండు క్రోమోజోముల మీదా పరచిన నలభై మార్కర్లు చూస్తే ఒక్కో మార్కర్ విడివిడిగా సంక్రమిస్తుందనుకుని లెక్కేస్తే జారిపోయేది సుమారు రెండు వందల్లో ఒకటి. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా వేసి చూడాలని నా కోరిక.

మరొక జాగ్రత్త ఉంది. రెండింటికీ పూర్వీకులు ఒకరే కాబట్టి, సాగు వరి పట్టీ అడవి మొక్కలో కనబడినంత మాత్రాన నిన్నమొన్నటి సంకరం అనకూడదు. ఇటీవల చేరిన సాగు జన్యువులు క్రోమోజోము మీద పొడవైన ముక్కలుగా ఉంటాయి. పాత పోలికలు తరతరాల్లో తెగి చిన్న తునకలవుతాయి. పోల్చడానికి అంగట్లో కొనే హైబ్రిడ్ విత్తనాలనే కాక, అదే ఊరి దేశవాళీ రకాలను కూడా తీసుకోవాలి.

ఫలితం వచ్చాక చేయవలసినది చాలావరకు రైతుల చేతిలో ఉంది. సంకరాలు కొద్దిగా ఉంటే పూతకు ముందే పీకివేయవచ్చు. గుంటను ఆనుకున్న మడిలో పూత కాలం కలవని రకం వేయవచ్చు. స్వచ్ఛమైన మొక్కల విత్తనాన్ని జన్యు బ్యాంకుకు పంపవచ్చు. సంకరాలే ఎక్కువైన గుంటను పనికిరాదని పూడ్చేయడం మాత్రం తప్పు, ఎందుకంటే ఆ మొక్కల్లో అడవి జన్యువులు ఇంకా ఉన్నాయి. మీ పొలాల పక్క గుంటల్లో ముల్లు పొడవుగా ఉండి గింజ ముందే రాలిపోయే వరి కనబడితే, కలుపు తీసేలోగా విద్యార్థులకు ఒక మాట చెప్పండి. ఒక్కో మొక్క నుంచి వేలెడు ఆకు ముక్క తీసుకుంటే చాలు.