స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడాలంటే జనవరిలో పుట్టాలా?

హాయ్ అందరికీ, ఈరోజు సోది లేకుండా డైరెక్ట్‌గా పాయింట్‌కొచ్చేస్తా. మన స్కూళ్లల్లో ఫుట్‌బాల్ సెలెక్షన్స్ అని చెప్పి చూస్తున్నది పుట్టిన నెల! జనవరిలో పుట్టినోడు టీమ్‌లో, డిసెంబర్‌లో పుట్టినోడు బెంచ్ మీద.

మొన్న మన బెంగళూరులోనే ఒక స్కూల్లో జరిగిన గొడవ మీకు తెలిసిందే. పదమూడేళ్ల పిల్లోడిని కాలికి బాల్ కూడా తగలనివ్వకుండా లైన్లో నిలబెట్టి చూసి, "ఇంకొంచెం పెరిగి రా నాన్నా" అని పంపించేశారు, వాళ్ల నాన్న వెళ్లి అడిగితే "పెద్దపిల్లలు గుద్దేస్తారు సార్, సేఫ్టీ కోసమే" అన్నారంట. సేఫ్టీ మీద అంత ప్రేముంటే ముందు గ్రౌండ్‌లో రాళ్లు ఏరించండి సార్!

ఇప్పుడు నెల సంగతి వినండి. ఏజ్ గ్రూప్ టోర్నమెంట్లకి మామూలుగా జనవరి 1 కటాఫ్. అంటే జనవరిలో పుట్టినోడూ డిసెంబర్‌లో పుట్టినోడూ ఒకే గ్రూపు, మధ్యలో దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో మగపిల్లలు ఒక్కసారి సాగడం మొదలైతే ఏడాదికి 8, 10 సెంటీమీటర్లు పెరుగుతారు, పైగా కొందరికి అది పన్నెండుకే వస్తుంది, కొందరికి పదిహేనుకి గానీ రాదు. కోచ్ సార్లూ, సెలెక్షన్ రోజు మీకు కనపడేది ఆ తేడానే, మీరేమో దానికి టాలెంట్ అని పేరు పెడుతున్నారు. కెనడాలో ఐస్ హాకీ ప్లేయర్ల మీద 1985లోనే ఇది తేల్చారు, జూనియర్ టీముల్లో చూస్తే ఏడాది మొదటి నెలల్లో పుట్టినోళ్లే ఎక్కువ. నలభై ఏళ్లయింది బాస్!

నేను కూడా అసెంబ్లీ లైన్లో అందరికన్నా ముందు నిలబడే పిల్లోడినే, అయినా స్కూల్ టీమ్‌లో వింగ్‌లో, అంటే గ్రౌండ్ పక్క అంచున ఆడా. పొట్టోడికి ఆట వేరేగా వస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. బాల్ రాకముందే భుజం మీద నుంచి వెనక్కి చూసుకోవాలి, ఎందుకంటే స్టాపర్, అదే అవతలి టీమ్ డిఫెండర్, వచ్చి తగిలితే ఎగిరి పడేది మనమే, అందుకే ఫస్ట్ టచ్‌తోనే బాల్‌ని వాడికి అందనంత పక్కకి తీసేయాలి. గాల్లో బాల్ కోసం వాడితో పోటీగా ఎగరకూడదు, వాడి తలకి తగిలి ఎక్కడ పడుతుందో అక్కడ ముందే ఉండాలి. ఇదంతా చూడటం, ఆలోచించడం. ఫుట్‌బాల్ అంటేనే ఇది కదా!

వెంటనే "మరి మెస్సీ కూడా పొట్టోడేగా అన్నా" అంటారు. దయచేసి ఆ పేరు ఎత్తకండి, నాకు ఒళ్లు మండిపోతుంది. మెస్సీని చూపిస్తే పిల్లోడికి అర్థమయ్యేది ఏంటి, పొడుగోడు మామూలుగా ఆడినా చాలు, నువ్వు మాత్రం ప్రపంచంలో నంబర్ వన్ అయితేనే ఆడాలి అని! స్కూల్ టీమ్‌లో రైట్ వింగ్ ఆడటానికి మెస్సీ అవ్వాలా?

చెప్పాలంటే 2018 వరల్డ్ కప్ ఫైనల్ చెప్పండి. క్రొయేషియా కెప్టెన్ మోద్రిచ్, చిన్నప్పుడు బక్కగా పొట్టిగా ఉన్నాడని అక్కడి హైదుక్ స్ప్లిట్ క్లబ్ వద్దంది. అవతల గ్రీజ్‌మన్, సైజు చూసి ఫ్రాన్స్ క్లబ్బులు తిప్పి పంపితే స్పెయిన్ పోయి రియల్ సోసియెదాద్‌లో చేరాడు, ఆ ఫైనల్లో ఫ్రాన్స్ తరఫున గోల్ కొట్టాడు. వద్దన్న ఇద్దరూ ఒకే ఫైనల్లో! అంత దూరం ఎందుకు, మన కంఠీరవ స్టేడియంలో ఏళ్ల తరబడి బెంగళూరు ఎఫ్‌సీకి ఆడిన సునీల్ ఛెత్రి ఎంత హైటు? 170 సెంటీమీటర్లు. ఇండియాకి 90కి పైగా గోల్స్, అందులో తలతో కొట్టినవీ ఉన్నాయి.

నా థియరీ ఇంకోటుంది, నచ్చకపోతే తిట్టండి. సగం తప్పు గ్రౌండుది. ఎర్రమట్టి, గుంతలు, నేల మీద పాస్ ఇస్తే బాల్ ఎటు పోతుందో తెలీదు, అందుకే అందరూ గాల్లోకి బాదుతారు, గాల్లో బాల్ ఎవడిది, పొడుగోడిది. పైగా చిన్నపిల్లలకి సైజ్ 4 బాల్ ఉంటుందని తెలిసి కూడా పెద్దోళ్ల సైజ్ 5 ఇచ్చి, 7.32 మీటర్ల వెడల్పున్న పెద్దోళ్ల గోల్‌పోస్ట్ ముందు నిలబెడతారు. పొట్టి పిల్లోడు ఓడిపోయేలా అన్నీ సెట్ చేసి, వాడు ఓడిపోయాడంటారు!

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు ఏం చేస్తున్నాయో తెలుసా? బయో బ్యాండింగ్ అంటారు. పిల్లోడి ఎత్తు, బరువు, అమ్మానాన్నల ఎత్తు తీసుకుని పెద్దయ్యాక ఎంత ఎత్తవుతాడో అంచనా వేస్తారు, అందులో ఇప్పటికి ఎంత శాతం పెరిగాడో చూసి, దాన్నిబట్టి గ్రూపులు చేసి కొన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు. ల్యాబ్ అక్కర్లేదు, ఒక టేపు, ఒక వెయిట్ మెషీన్. దీనివల్ల పొడుగు పిల్లలకి కూడా లాభమే, తోసేసి గెలవడం కుదరదు కాబట్టి బాల్‌తో ఆడటం నేర్చుకుంటారు. లక్షల్లో ఫీజులు తీసుకునే స్కూళ్లకి ఒక టేపు కొనడానికి ఏమైంది?

ట్రోఫీ ఈ ఏడాదే కావాలి, అదీ అసలు రోగం, అడ్మిషన్ల టైమ్‌కి రిసెప్షన్‌లో పెట్టుకోవాలి కాబట్టి!

సరే, ఒక పని చేద్దాం. మీ పిల్లల స్కూల్ టీమ్‌లో ఎంతమంది ఏ నెలలో పుట్టారో కనుక్కోండి, పేర్లు వద్దు, స్కూల్ పేరు కూడా వద్దు, నెలలు మాత్రం కింద పెట్టండి. వచ్చిన లెక్క మొత్తం, నా మాట తప్పని తేలినా సరే, నెక్స్ట్ వీడియోలో స్క్రీన్ మీద వేస్తా.