వైజాగ్ చుట్టూ ఒక్కపూట కొండ నడకలు: ఏది ఎక్కాలి, ఏ గంటకి ఎక్కాలి, ఏది వదిలేయాలి

నమస్కారం అండి. ఆదివారం పొద్దున్న ఇంట్లో కాఫీ తాగి బయల్దేరి, ఒక కొండెక్కి దిగి, మధ్యాహ్నం భోజనానికి మళ్లీ ఇంట్లో కూర్చోవచ్చు. వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఆ సుఖం ఉంది. ఈ వీడియోలో నాలుగు నడకల గురించి వివరంగా చెబుతాం, మిగతావి టూకీగా.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మన కొండలు ఎత్తు తక్కువ. తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్లే. ఆ అంకె చూసి అరలీటరు సీసాతో వచ్చేస్తారు, సగం తోవలో కళ్లు తిరిగి కూర్చుండిపోతారు. ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎత్తు కాదండీ, ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన గాల్లో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకని కొండను ఎంచుకునేటప్పుడు "ఎన్ని కిలోమీటర్లు" అని కాకుండా, "ఏ గంటకి ఆ వాలు మీద నీడ ఉంటుంది" అని అడగండి.

మనది తూర్పు తీరం. సముద్రం వైపు తిరిగిన వాలు మీద సూర్యుడు పైకొచ్చిన దగ్గర్నుంచీ ఎండే. మధ్యాహ్నం మూడు దాటాక ఆ వాలు మెల్లగా కొండ నీడలోకి వెళ్తుంది. కాబట్టి బీచ్ రోడ్డు కొండలు సాయంత్రానికి, చెట్లున్న అడవి కొండలు పొద్దుటికి. చలికాలంలో ఇంకో చిక్కుంది. డిసెంబరు మొదట్లో ఇక్కడ ఐదూ ఇరవైకే సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగున్నరకల్లా దిగడం మొదలుపెట్టాలి. ఫోన్ లైటు నమ్ముకుని కొండ దిగే ఆలోచన పెట్టుకోవద్దు.

ఇక మా లెక్కలో అన్నిటికన్నా మంచి నడక మాధవధార నుంచి సింహాచలం. సింహాచలం కొండకి ఇటు నగరం వైపు మాధవధార, అటు వైపు అప్పన్న గుడి. ఇటు మాధవస్వామి గుడి, ధార ఉన్న చోట మొదలుపెట్టి, పాత మెట్ల తోవలో ఎక్కి, కొండ నడుం దాటి అటు దిగితే నేరుగా గుడి దగ్గర తేలతారు. ఎక్కిన దారినే దిగక్కర్లేదు, అదే దీని గొప్ప. గుడి నుంచి కిందికి దేవస్థానం బస్సు ఉంది, నడవాలనుకుంటే కొండ కింద మెట్లు మొదలయ్యే తొలి పావంచాకి వెయ్యికి పైగా మెట్లున్నాయి. తోవ పొడవునా చెట్లు, అక్కడక్కడా పనస, అనాస తోటలు. సింహాచలం సంపెంగల పేరు వినే ఉంటారు.

ఆరుకల్లా మాధవధారలో ఉండండి. ఆగుతూ నడిచేవాళ్లు రెండున్నర గంటలు పెట్టుకుంటే హాయిగా చేరతారు. చేసే తప్పు మొదటి పదిహేను నిమిషాల్లోనే జరుగుతుంది. మెట్లు కనబడగానే గబగబా ఎక్కేస్తారు. పాత రాతి మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు, కాలికి లయ కుదరదు, తొడలు పట్టేస్తాయి. మాట్లాడుతూ ఎక్కగలిగే వేగమే సరైన వేగం. వానాకాలంలో మెట్ల మీద పాచి ఉంటుంది, మెట్టు మధ్యలో కాకుండా లోపలి అంచున అడుగేయండి. గుడికి వెళ్తున్నారు కాబట్టి ఒక పొడి చొక్కా, కండువా సంచిలో పెట్టుకోండి. తడిసిన బట్టలతో క్యూలో నిలబడటం పక్కవాళ్లకీ ఇబ్బందే. దీన్ని గిరిప్రదక్షిణతో కలపకండి. ఆషాఢ పౌర్ణమికి జరిగే ఆ ప్రదక్షిణ కొండ చుట్టూ 32 కిలోమీటర్లు తారురోడ్డు మీద నడక, దాని తయారీ వేరు.

ఇప్పుడు కాలి కింద రాయి గురించి. ఇది అన్ని కొండలకీ పనికొస్తుంది. మన కొండల్లో ఎక్కువగా ఉన్న రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండ్ గిరిజనుల పేరు మీదే దానికా పేరు. వానకీ ఎండకీ అది ఎర్రగా మారి, పొడిపొడిగా రాలి, గట్టి నేల మీద సన్నటి గరుకు పొరలా పరుచుకుంటుంది. ఎక్కేటప్పుడు తెలియదు. దిగేటప్పుడు మడమ వేయగానే ఆ గరుకు దొర్లి, కాలు ముందుకి జారిపోతుంది. మడమ అరిగిన బూట్లు, సాదా చెప్పులు ఇక్కడ పనికిరావు. అడుగున లోతు గాట్లున్న బూట్లు కావాలి. దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, పాదం కాస్త పక్కకి తిప్పి, చిన్న చిన్న అడుగులేయండి. జారితే పక్కన తుప్పల్ని పట్టుకోవద్దు, వాటిలో ముళ్లుంటాయి. ఉన్నచోటే కూర్చుండిపోండి.

సాయంత్రానికైతే తొట్లకొండ. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900K నంబరు బస్సెక్కి కొండ కింద దిగొచ్చు. పైదాకా తారురోడ్డు ఉంది, కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు కూడా నడవగలరు. 1976లో నౌకాదళం వాళ్ల సర్వేలో ఈ బౌద్ధ ఆరామం బయటపడింది. తర్వాత పురావస్తు శాఖ తవ్వితే స్తూపం, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదులు, భోజనశాల కనబడ్డాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, కొండకి పేరు వాటి వల్లే. రెండువేల ఏళ్ల కిందటే ఇక్కడ ఉన్నవాళ్లు వాన నీళ్లు దాచుకుని బతికారంటే, పైన నీళ్లకి ఎంత కరువో ఆలోచించండి. మీ నీళ్లు మీరే మోసుకెళ్లండి. ఇటుక గోడలెక్కి ఫొటోలు దిగొద్దు, ఒక్క ఇటుక కదిలినా మళ్లీ అలా పెట్టలేం. పక్కనే ఉన్న బావికొండకి జనం తక్కువ. ఎముక ముక్క ఉన్న కరండం, అంటే అవశేషాలు దాచే భరిణె, దొరికింది అక్కడే. ప్రశాంతంగా కూర్చోవాలంటే బావికొండకే మా ఓటు. కిందికొచ్చాక మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం చూడాలనుకుంటే, నీళ్లు వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్లండి. పోటు మీదుంటే ఆ రాళ్ల మీదికి వెళ్లకూడదు.

అదే రోడ్డులో ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఇది కొండ కాదు గానీ, ఇలాంటి నేల దేశంలో మళ్లీ కావాలంటే తమిళనాడులో తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బల దాకా వెళ్లాలి. ఇనుము తుప్పు పట్టినట్టే ఇసుక రేణువుల మీద ఎర్రపూత పట్టింది. దాన్ని వాననీళ్లు కోసి లోతైన గెడ్డలు, అంటే వాగు పాయలు, చేశాయి. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. నడక మాత్రం గెడ్డ అడుగునే. గోడలెక్కడం రెండు విధాలా తప్పు: మట్టి వదులుగా ఉండి మీద పడుతుంది, పైగా ఒక్కో అడుగుకీ ఆ గోడ కొంత కరిగిపోతుంది. వాన పడ్డ మర్నాడు అసలు లోపలికి వెళ్లొద్దు. గెడ్డలు చీలి మళ్లీ కలుస్తుంటాయి, దారి తప్పడం సులువు. తప్పితే కంగారు పడకుండా గెడ్డ వాలు ఎటుంటే అటు నడవండి, నీరు సముద్రానికే కదా వెళ్లేది. పది తర్వాత ఈ గెడ్డల్లో గాలాడదు, రెండు గోడలూ వేడి కక్కుతాయి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర, అంతే.

నాలుగోది కంబాలకొండ. జూ పార్కు ఎదుట, జాతీయ రహదారి పక్కనే సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 2014లో హుద్‌హుద్ తుపాను చాలా చెట్లు కూల్చేసింది, అయినా నగరం అంచున ఇంత నీడ ఇంకెక్కడా లేదు. గేటు దగ్గర టికెట్టు తీసుకుని, గుర్తులు పెట్టిన బాటల్లోనే నడవండి. చిరుతలున్న అడవి ఇది. ఇంకా లోపలికి వెళ్లాలంటే అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లతోనే వెళ్లాలి. పాటలు పెట్టుకుని నడిచేవాళ్లకి పిట్ట కూడా కనబడదు. చలికాలం చివర్లో దూలగొండి కాయలు ఎండి నూగు రాలుస్తాయి. ఒంటికి తగిలితే రుద్దొద్దు, గోకొద్దు. అంటుకునే ప్లాస్టరు వేసి లాగితే నూగు దాంతో వచ్చేస్తుంది, నీళ్లతో కడగడం ఆ తర్వాత.

కైలాసగిరి మెట్లు అలవాటుకి బాగుంటాయి, వారంలో రెండుసార్లు ఎక్కితే మాధవధారకి కాళ్లు సిద్ధమవుతాయి. యారాడ కొండ మీంచి సముద్రం బాగుంటుంది, కానీ చెమటతో దిగి నేరుగా నీళ్లలో దూకొద్దు. లోపలికి లాగే ప్రవాహాలున్న తీరం అది.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మేఘాల గురించి అందరూ అడుగుతారు. అది ఒక్కపూట నడక కాదండీ. పాడేరు దాకానే వంద కిలోమీటర్లకి పైగా. సూర్యోదయం అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, నిద్ర లేని కళ్లతో ఘాట్ రోడ్డు ఎక్కాలి. ముందురోజే పాడేరు వెళ్లి పడుకోండి. నవంబరు నుంచి జనవరి దాకా, గాలి లేని, ఆకాశం తేటగా ఉన్న రాత్రి తర్వాతే లోయలో మబ్బు నిలుస్తుంది. ఎండ ఎక్కితే కరిగిపోతుంది.

సంచిలోకి: నాలుగు గంటల నడకకి మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక సీసా ఉప్పు మజ్జిగ. మూడో వంతు నీళ్లు అయిపోయేసరికి పైకి చేరకపోతే అక్కణ్ణుంచే తిరగండి. ఎండలో ఉండగా ఒళ్లు జలదరించినా, తలనొప్పితో వాంతి వచ్చేలా ఉన్నా, నీడకి చేర్చి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టండి. ఆ రోజుకి నడక ఆపేయండి. మాటలు తడబడినా, స్పృహ తప్పుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాము కాటేస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. రక్తపింజరా, కట్లపామా అని వెతుక్కుంటూ తుప్పల్లోకి వెళ్లొద్దు. కాలు కదలకుండా కర్రతో ఆనించి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకి చేర్చి, 108కి ఫోన్ చేయండి. అందుకే మేం ముగ్గురికి తక్కువైతే వెళ్లొద్దంటాం: ఒకరు పక్కన ఉండాలి, ఒకరు సిగ్నల్ కోసం పరిగెత్తాలి.