ఇస్త్రీ బండి మీద ఎండ

అందరికీ నమస్కారం.

వినీషా ఉమాశంకర్‌ది తమిళనాడులోని తిరువణ్ణామలై. మనవాళ్లు అరుణాచలం అని గిరిప్రదక్షిణకు వెళ్లే ఊరే. 2021 నవంబరు 2న గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆ అమ్మాయి దేశాధినేతల ముందు నిలబడి, పొగ మీద, పాత ఇంధనాల మీద డబ్బు పెట్టడం ఆపమని అడిగింది. అప్పటికి పదిహేనేళ్లు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడేది మాత్రం ఆ ప్రసంగం గురించి కాదు, ఆమెను ఆ వేదిక దాకా తీసుకెళ్లిన సోలార్ ఇస్త్రీ బండి గురించి.

బడి నుంచి ఇంటికి వస్తుంటే, వీధిలో ఇస్త్రీ చేసే ఆయన కాలిన బొగ్గుల్ని చెత్తలో పారబోయడం కనిపించింది. అక్కడ మొదలైంది. అప్పుడు పన్నెండేళ్లు. ఒక్క బండి రోజుకు దాదాపు ఐదు కిలోల బొగ్గు తింటుందని ఆమె లెక్క. దేశంలో కోటి బండ్లుంటాయన్నది ఆమె చెప్పే ఉజ్జాయింపు. ఆ కోటిని కాసేపు పక్కన పెడదాం, ఒక్క బండినే చూద్దాం.

కిలో బొగ్గు కావాలంటే నాటు బట్టీలో నాలుగైదు కిలోల కట్టె కాలాలి. అంటే ఐదు కిలోల బొగ్గు వెనక ఇరవై నుంచి పాతిక కిలోల కట్టె. ఆ బొగ్గులో ఉన్న వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే సుమారు 40 యూనిట్లు. వినీషా బండి మీద ఉన్నది 250 వాట్ల సోలార్ పలక. ఐదు గంటల మంచి ఎండకు అది ఇచ్చేది ఒకటింబావు యూనిట్. ముప్పై రెట్ల తేడా! అయినా పని జరుగుతుంది. ఎందుకంటే బొగ్గు పెట్టెలో వేడి ఎక్కువ భాగం మూత సందుల్లోంచి గాల్లోకి పోతుంది, బట్టకు అందేది కొంచెమే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇస్త్రీ చేసేవాళ్ల ముక్కుల్లోకి పోతుంది. కరెంటు పెట్టెలో కాయిల్ అడుగు పలకకు అంటుకునే ఉంటుంది, వేడి చాలినప్పుడు థర్మోస్టాట్ ఆపేస్తుంది.

ఐదు గంటల ఎండ, ఆరు గంటల ఇస్త్రీ. ఈ డిజైన్ గురించి అందరూ చెప్పే వాక్యం ఇదే. బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లు. 12 వోల్టుల బ్యాటరీ అనుకుంటే కాగితం మీద 1.2 యూనిట్లు. దాన్ని ఆరు గంటలకు పంచితే గంటకు సగటున 200 వాట్లే. వెయ్యి వాట్ల పెట్టె అయితే గంటలో పన్నెండు నిమిషాలే వెలగాలన్నమాట. పలచటి చొక్కాలకు సరిపోతుంది, తడి చల్లిన గంజి చీరలకు చాలదు. అందుకే బరువైన నూలు బట్టలు మధ్యాహ్నం పదకొండు, రెండు గంటల మధ్య చేసుకోవాలి, పలక కరెంటు నేరుగా పెట్టెకు అందుతున్నప్పుడు. పాలిస్టర్, పట్టు సాయంత్రానికి ఉంచుకోవచ్చు.

ఇలాంటి బండి మీరే కట్టాలనుకుంటే దెబ్బతినే చోట్లు చెబుతాను.

మొదటిది ఛార్జ్ కంట్రోలర్, అంటే పలక నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం. మార్కెట్లో దొరికే 250 వాట్ల పలక సుమారు 30 వోల్టుల దగ్గర ఎనిమిది ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఆంపియర్లు అవే వస్తాయి, వోల్టులు పోతాయి. చేతికొచ్చేది వంద వాట్ల చిల్లర. ‘‘సోలార్ పనిచేయదండీ’’ అనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. ఆ ఎక్కువ వోల్టుల్ని పోనివ్వకుండా ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ ఖరీదెక్కువ, కానీ ఇక్కడ పొదుపు చేస్తే సగం పలక పారేసినట్టే.

తర్వాత తీగ. వెయ్యి వాట్ల పెట్టె వెలిగినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ 90 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంటి వైరింగ్ తీగ వాడితే కరుగుతుంది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మీటరు లోపు పొడవు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. బండి గతుకుల్లో కదిలే వస్తువు కాబట్టి టెర్మినల్ నట్లు వదులవుతాయి, వదులైన చోట వేడెక్కుతుంది. వారానికోసారి బిగించాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే మూడు, నాలుగు వందల రోజులకే చేతులెత్తేస్తుంది. సగం దగ్గర ఆపాలి.

అసలు చిక్కు నీడ. ఇస్త్రీ బండి ఎక్కడుంటుంది? వేప చెట్టు కింద. పలకలో సెల్స్ వరుసగా గొలుసులా కలిసి ఉంటాయి, ఒక కొమ్మ నీడ రెండు సెల్స్ మీద పడ్డా ఆ వరుసంతా పడుకుంటుంది. కాబట్టి బండి ఎండలోకి రావాలి, పలకే పందిరి కావాలి. అయితే ఆ పందిరి కింద మనిషి నిలబడగలిగేలా, పలక వెనక గాలి ఆడేలా కట్టాలి. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కిన ప్రతి డిగ్రీకీ కరెంటు సుమారు 0.4 శాతం పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం అది 65 డిగ్రీలకు చేరితే 250 వాట్లు 210 అవుతాయి.

ఇంకో అభ్యంతరం ఇస్త్రీ చేసేవాళ్లదే, అది న్యాయమైనదే. బొగ్గు పెట్టె బరువే సగం పని చేస్తుంది, తేలిక పెట్టెకు మడత నిలవదు. వినీషా డిజైన్‌లో ఆవిరి పెట్టె ఉన్నది అందుకు కొంత జవాబు.

నమూనా బండిని గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఇంజినీర్ల సాయంతో తయారు చేశారు. 2020లో స్వీడన్ వాళ్ల చిల్డ్రన్స్ క్లైమేట్ ప్రైజ్ వచ్చింది, లక్ష క్రోనార్లు. మరుసటి ఏడాది బ్రిటన్ యువరాజు విలియం పెట్టిన పర్యావరణ బహుమతి ఎర్త్‌షాట్‌కు తుది జాబితాలో నిలిచింది. గాలి విభాగంలో ఆ బహుమతి పంట వ్యర్థాల యంత్రం చేసిన మన దేశపు సంస్థ టకాచార్‌కే దక్కింది.

బహుమతులు రావడం ఒకటి, వీధిలో బండ్లు మారడం మరొకటి. బొగ్గు ఏ రోజుకారోజు కొనుక్కోవచ్చు. సోలార్‌కు డబ్బంతా మొదటి రోజే పెట్టాలి. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్లు ఉచితం. మంచిదే, కానీ చెట్టు కింద బండికి మీటరెక్కడిది? ఆమె డిజైన్‌లో మొబైల్ ఛార్జింగ్‌లాంటి పక్క ఆదాయం పెట్టడానికి కారణం ఈ డబ్బు సమస్యే.

ఇక ముసురు రోజులు. తిరువణ్ణామలైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. అప్పుడు రాత్రి ఇంట్లో కరెంటుతో బ్యాటరీ నింపుకునే ఏర్పాటు ఆ డిజైన్‌లో ఉంది. మీరు కట్టే బండికి ఛార్జర్ సాకెట్ బయటి వైపు, వాన నీళ్లు పడని ఎత్తులో పెట్టండి. బ్యాటరీ ముప్పై కిలోలు ఉంటుంది, రోజూ విప్పి ఇంట్లోకి మోసుకెళ్లమంటే రెండో వారం నుంచి ఎవరూ మోయరు.