కిటికీ పక్కన తులసి ఎందుకు బక్కచిక్కుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంటి లోపల, రసాయన ఎరువులూ పురుగుమందులూ లేకుండా ఔషధ మొక్కలను ఆరోగ్యంగా పెంచడం గురించి ఈ భాగంలో మాట్లాడుకుందాం. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా మాస్టారు మనతో ఉన్నారు. నేను ఆయన దగ్గర చదువుకున్నదాన్ని కనుక ‘మాస్టారూ’ అన్న పిలుపు నోటికి అలవాటైపోయింది, శ్రోతలు మన్నించాలి. మాస్టారూ, నా ఇంటి సమస్యతోనే మొదలుపెడతాను. కిటికీ పక్కన పెట్టిన తులసి మూడు నెలల్లో పుల్లలా సాగిపోయింది, ఆకులు చిన్నవైపోయాయి, నలిపి చూస్తే వాసన కూడా అంతంతమాత్రంగా ఉంది. నీళ్లు పోస్తూనే ఉన్నాను, వర్మీకంపోస్టు వేస్తూనే ఉన్నాను. ఏం తక్కువైందంటారు?

మాస్టారు: వెలుతురు తక్కువైందమ్మా. నువ్వు పోసిన నీళ్లూ వేసిన ఎరువూ ఆ కొరతను తీర్చకపోగా కాడను ఇంకాస్త సాగదీసి ఉంటాయి. వెలుతురు విషయంలో మన కన్ను మనల్నే మోసం చేస్తుంది. మన కంటికి కనిపించే వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు 1,00,000 లక్సులు ఉంటుంది. పుస్తకం హాయిగా చదువుకోగలిగిన గదిలో అది 300 నుంచి 500 లక్సులకు మించదు. రెండింటికీ మధ్య రెండు వందల రెట్లకు పైగా తేడా ఉన్నా, కన్ను తనను తాను సర్దుకుంటుంది కాబట్టి రెండుచోట్లా మనకు పగటిలాగే కనిపిస్తుంది. మొక్కకు ఆ సర్దుబాటు చేతకాదు. దానికి వెలుతురే తిండి, తిండి సగమైనప్పుడు అది వెలుతురున్న వైపు సాగడం మొదలుపెడుతుంది. నువ్వు చూసిన ఆ పుల్లలాంటి కాడ మొక్క ఆకలికి గుర్తు.

వ్యాఖ్యాత: అయితే కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపితే సరిపోతుందా?

మాస్టారు: కిటికీలోకి రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడుతుంటే సరిపోతుంది. అది లేనప్పుడు ఎల్‌ఈడీ దీపం పెట్టుకోవడమే మంచిది. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపాలే కావాలన్న అపోహ చాలామందిలో ఉంది. మామూలు తెల్లటి ఎల్‌ఈడీ లోపల ఉన్నది నీలి ఎల్‌ఈడీయే, దానిపై పూసిన పొర ఆ నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపు, ఎరుపు వైపు మారుస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీకే ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. కిరణజన్య సంయోగక్రియకు ముఖ్యంగా పనికివచ్చే ఎరుపూ నీలమూ తెల్ల దీపంలో ఉండనే ఉంటాయి. పైగా ఊదారంగు వెలుగులో ఆకు పసుపు పచ్చబడిందో, మచ్చలు వచ్చాయో కనిపించదు. రోగి ముఖం కనబడని గదిలో వైద్యం చేసినట్టుంటుంది.

వ్యాఖ్యాత: ఎంత దూరంలో, ఎన్ని గంటలు వెలిగించాలి?

మాస్టారు: తులసి, పుదీనా వంటి వాటికి ఒక మోస్తరు దీపాన్ని మొక్క కొసకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే బాగుంటుంది. మిగిలిన గంటలు చీకటి ఉండనివ్వాలి. కాస్త లెక్క ఇష్టపడేవారి కోసం చెబుతాను. మొక్క వాడుకునే కాంతిని లక్సుల్లో కాక, చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల కాంతికణాలు పడుతున్నాయన్న దాన్ని బట్టి కొలుస్తారు. మోల్ అంటే కణాలను లెక్కపెట్టే ఒక పెద్ద కొలమానం, అందులో పది లక్షల వంతు మైక్రోమోల్. సెకనుకు 200 మైక్రోమోల్‌లు 16 గంటల పాటు పడితే రోజు మొత్తానికి సుమారు 11.5 మోల్‌లు అవుతాయి. తులసి జాతి మొక్కలు ఆ మాత్రం కాంతితో గుబురుగా పెరుగుతాయి. దూరం విషయంలో మాత్రం బద్ధకించకూడదు. చిన్న బల్బును రెట్టింపు ఎత్తుకు జరిపితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మొక్క ఎదిగేకొద్దీ దీపాన్ని పైకి జరుపుతూ ఉండాలి, లేకపోతే కొసలు వాడి పాలిపోతాయి.

వ్యాఖ్యాత: ఇప్పుడు మట్టి సంగతికి వద్దాం. సేంద్రియ పద్ధతి అంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఎరువే కదా?

మాస్టారు: నిజానికి కుండీలో ముందుగా ఆలోచించవలసింది గాలి గురించి. పొలం మట్టిని తెచ్చి కుండీలో నింపితే నాలుగు తడులకే అది గట్టిపడుతుంది. పొలంలో వానపాములూ లోతైన వేళ్లూ ఆ మట్టిని గుల్ల చేస్తూ ఉంటాయి, కుండీలో ఆ పని చేసేవారు ఉండరు. వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. గాలి అందని వేరు కుళ్లిపోతుంది, కుళ్లిన వేరు నీటిని తోడలేదు కాబట్టి పైన ఆకు వాడిపోతుంది, ఆకు వాడింది కదా అని మనం ఇంకా నీళ్లు పోస్తాం. ఇంటి లోపలి మొక్కల్లో ఎక్కువ భాగం ఇలాగే, ప్రేమతోనే చచ్చిపోతాయి. కొబ్బరి పీచు పొడి రెండు పాళ్లు, బాగా మాగిన కంపోస్టు గానీ వర్మీకంపోస్టు గానీ ఒక పాలు, గుల్లదనం కోసం పెర్లైటు అనే తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలో, కాల్చి నల్లబరచిన వరి ఊకో ఒక పాలు కలుపుకుంటే సరిపోతుంది. కొబ్బరి పీచులో ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి, వాడే ముందు రెండుమూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. వర్మీకంపోస్టు మంచిదే కదా అని సగానికి సగం వేస్తే మిశ్రమం బరువెక్కుతుంది, లవణాలు కూడా పెరుగుతాయి.

వ్యాఖ్యాత: నీరు దిగడం కోసం కుండీ అడుగున గులకరాళ్లు వేయమని అందరూ చెబుతారు.

మాస్టారు: నేనూ పాతికేళ్లు వేశాను, విద్యార్థుల చేత కూడా వేయించాను, ఆ తప్పు ఒప్పుకోవాలి. ఎంత మంచి మిశ్రమమైనా కుండీ అడుగున కొంత మందం మేర నీటిని పట్టి ఉంచుతుంది. సన్నని రంధ్రాలున్న మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు సులువుగా దిగదు. కాబట్టి ఆ తడి పొర రాళ్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది, వేళ్లకు మిగిలే గాలి చోటు ఇంకా తగ్గిపోతుంది. అడుగున రంధ్రం ఉండి, మట్టి జారిపోకుండా ఒక చిన్న వలగుడ్డ ఉంటే చాలు. ఆపైన లోతు తక్కువైన వెడల్పు కుండీలో కంటే లోతైన కుండీలోనే ఆ తడి పొరకు పైన వేళ్లకు గాలి చోటు ఎక్కువ మిగులుతుంది.

వ్యాఖ్యాత: మరి సేంద్రియ ఎరువు మొక్కకు ఎలా అందుతుంది?

మాస్టారు: మొక్క కంపోస్టును తినదు. కంపోస్టులోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియంగా, ఆ తరువాత నైట్రేటుగా మార్చినప్పుడే వేరు దాన్ని తీసుకోగలుగుతుంది. ఆ జీవులకు తడి, వెచ్చదనం, గాలి మూడూ కావాలి. కాబట్టి చలిరోజుల్లో ఆకు పసుపుపచ్చబడితే ఎరువు చాలదని తొందరపడి మరింత వేయకూడదు, అక్కడున్న ఎరువు ఇంకా వండబడలేదంతే. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి పైపైన ఒకటి రెండు పిడికెళ్ల వర్మీకంపోస్టు చల్లితే మామూలు కుండీకి సరిపోతుంది. ఔషధ మొక్కల విషయంలో ఇంకో మాట ఉంది. తులసి, పుదీనా ఆకుల వాసన, ఘాటు వాటి ఉపరితలం మీద ఉండే సన్నని గ్రంథుల్లో నిలవ ఉన్న తైలాల వల్ల వస్తాయి. తులసిలోని యూజినాల్, పుదీనా జాతుల్లోని మెంథాల్ అలాంటివే. నత్రజని అతిగా ఇస్తే ఆకులు పెద్దవై, పలచబడి, చూడముచ్చటగా ఉంటాయి గానీ వాసన తేలిపోతుంది, పేనుబంక కూడా వాటినే వెతుక్కుంటూ వస్తుంది.

వ్యాఖ్యాత: ఆవు పేడ, మూత్రం పులియబెట్టి చేసే జీవామృతం వంటివి ఇంటి లోపల వాడవచ్చా?

మాస్టారు: ఆరుబయట దాని సంగతి వేరు, గదిలో నేను వద్దంటాను. ఒకసారి నేను గదిలోని కుండీలకు పోసి వారం రోజులు ఇంట్లోవాళ్ల చేత చీవాట్లు తిన్నాను, వాసన ఒకవైపు, ఈగలు ఒకవైపు. అసలు అభ్యంతరం వాసన కాదు. మాగని పేడలో కడుపుకు చేటు చేసే సూక్ష్మక్రిములు ఉండవచ్చు, మనం ఈ ఆకులను తరచుగా పచ్చివిగానే నములుతాం. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం తినే భాగం నేలను తాకే పంట అయితే మాగని పశువుల ఎరువు వేసిన 120 రోజుల తరువాతే, తాకనిదైతే 90 రోజుల తరువాతే కోత కోయాలి. కుండీలోని పుదీనాను మనం వారానికొకసారి తుంచుకుంటాం కాబట్టి, బాగా మాగిన ఎరువు తప్ప మరొకటి వేయకపోవడమే క్షేమం.

వ్యాఖ్యాత: నీళ్లకు ఒక కొండగుర్తు చెప్పండి.

మాస్టారు: కుండీని రెండు చేతులా ఎత్తి చూడాలి. పూర్తిగా తడిసినప్పటి బరువు ఒకసారి చేతికి తెలిస్తే, ఆరినప్పటి తేడా ఇక మరిచిపోం. పుదీనా, సరస్వతి ఆకు కొంచెం తడిని కోరుకుంటాయి, తులసికి తడుల మధ్య పైమట్టి ఆరాలి, కలబందకు మట్టి అడుగుదాకా ఆరాలి. అన్నింటికీ ఒకే రోజున నీళ్లు పోసే అలవాటు వల్ల వీటిలో ఏదో ఒకటి తప్పకుండా నష్టపోతుంది. పైమట్టి రెండు మూడు సెంటీమీటర్లు ఆరనివ్వడం వల్ల ఇంకో లాభం ఉంది. కుండీ చుట్టూ ఎగిరే చిన్న నల్ల ఈగల పిల్లలు ఆ తడి పొరలోనే పెరుగుతాయి. అది ఆరితే వాటి సంతతి ఆగిపోతుంది. అప్పటికే ఎక్కువై ఉంటే పసుపు జిగురు అట్టలు పెద్ద ఈగలను పట్టుకుంటాయి, దోమపిల్లలను చంపడానికి వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అనే బాక్టీరియాను నీళ్లలో కలిపి పోస్తే మట్టిలోని పిల్లలు చస్తాయి.

వ్యాఖ్యాత: ఇంటి లోపల పురుగులు ఇంత త్వరగా ఎందుకు పెరుగుతాయి?

మాస్టారు: వాటిని తినేవి అక్కడ లేవు కాబట్టి. వాన కడిగేది లేదు, గాలి విసిరేది లేదు, అక్షింతల పురుగు వాలేది లేదు. ఎర్రనల్లి పొడిగాలిలో, 30 డిగ్రీల వేడిలో వారం రోజుల్లోనే గుడ్డు నుంచి పెద్దదవుతుంది. అది కీటకం కాదు, ఎనిమిది కాళ్ల జీవి, ఆకు అడుగున సన్నని గూళ్లు అల్లుతుంది. నాకు ఎవరో ప్రేమగా ఇచ్చిన ఒక పుదీనా కుండీ ద్వారా అది ఇంట్లోకి వచ్చి నెలలో పదకొండు మొక్కలను తినేసింది. అప్పటి నుంచి కొత్త మొక్క ఏదైనా సరే రెండు వారాలు వేరే గదిలో ఉండవలసిందే, భూతద్దంతో ఆకు అడుగు చూడవలసిందే. చిన్న పంకా ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉంటే కాడలు బలపడతాయి, ఆకుల మధ్య తేమ నిలవదు, బూడిద తెగులు కూడా తగ్గుతుంది. నల్లి కనిపిస్తే ముందు ధారగా నీళ్లు పోసి ఆకు అడుగు కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి మూడు నుంచి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొద్దిగా మెత్తని సబ్బు వేసి, దీపం ఆర్పిన తరువాత పిచికారీ చేయాలి. సేంద్రియమైనదే అయినా పిచికారీ చేసిన ఆకును వెంటనే తినకూడదు, పిచికారీ తరువాత వచ్చిన కొత్త చిగురు దాకా ఆగడం నా అలవాటు. నల్లిని తినే నల్లి కూడా ఉంది, దాని పేరు ఫైటోసీయులస్ పెర్సిమిలిస్, గాజుగృహాల్లో దాన్ని విరివిగా వాడతారు.

వ్యాఖ్యాత: ఇంట్లో ఔషధ మొక్కలు అనగానే వైద్య గంజాయిని కూడా ఇలాగే పెంచుకోవచ్చా అని కొందరు అడుగుతారు.

మాస్టారు: దానికి ముందు జవాబు తోటపని చెప్పదు, చట్టం చెబుతుంది. కెనడా సమాఖ్య చట్టం 2018 నుంచి ఇంటికి నాలుగు మొక్కలను, జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి వయోజనుడికి మూడు మొక్కలను అనుమతించాయి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేని గంజాయి సాగు నేరం, పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. అందుకే ఆ మొక్క పెంపకాన్ని నేను చెప్పను. వైద్యం సంగతికొస్తే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో రెండు తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు ఆమోదించిన ఎపిడియోలెక్స్ అనే మందు, గంజాయి మొక్కలో ఉండే కన్నబిడియోల్ అనే ఒక్క రసాయనాన్ని శుద్ధి చేసి తయారుచేసినది. ప్రతి మిల్లీలీటరులో మందు ఎంతో కొలిచి ఇస్తారు. ఒకే కొమ్మ మీది రెండు ఆకుల్లోనే తైలం సమానంగా ఉండదు, అలాంటప్పుడు కుండీలోని ఏ మొక్కా కొలత తెలిసిన మోతాదు కాలేదు. ఈ మాట తులసికీ వర్తిస్తుంది. దగ్గుకు నాలుగు ఆకులు నమిలితే ఇబ్బంది లేదు గానీ, రోజూ మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుడికి చెప్పకుండా కషాయాలు మొదలుపెట్టకూడదు. కలబంద తొక్క కింద కారే పసుపు పాలు బలమైన విరేచనకారి. ఆ పాలతో చేసిన విరేచన మందులను అదే అమెరికా సంస్థ 2002లో వైద్యుడి చీటీ లేకుండా అమ్మే మందుల నుంచి తొలగించింది. లోపలి గుజ్జును తీసుకునేముందు కోసిన ఆకును నిలువుగా పెట్టి ఆ పాలు పూర్తిగా కారనివ్వాలి.

వ్యాఖ్యాత: చివరగా, కోత ఎప్పుడు కోయాలి?

మాస్టారు: తులసి, పుదీనాలకు మొగ్గ తొడుగుతున్న దశలో, పూలు విప్పుకోకముందే కోస్తే మంచిది. మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి కోయకూడదు, కోసేటప్పుడు కూడా కణుపుకు కాస్త పైన కోస్తే అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి. నిలవ చేసుకోవాలంటే ఎండలో వేయకూడదు. నీడలో, గాలి ఆడే చోట, 40 డిగ్రీలకు మించని వేడిలో, ఆకు చిటికెతో పొడి అయ్యేదాకా ఆరనిచ్చి, మూత బిగువుగా ఉన్న గాజు సీసాలో వెలుతురు తగలకుండా పెట్టాలి. వారం తరువాత సీసా మూత తీసి వాసన చూడాలి. ముక్కవాసన వస్తే మొహమాటపడకుండా పారేయాలి. నీ తులసిని మాత్రం ఇప్పుడే కోయకు. ముందు దీపం పెట్టు, సాగిపోయిన కాడలో కింద రెండు జతల ఆకులు ఉంచి పైభాగం తుంచెయ్యి. నాలుగు వారాల తరువాత ఒక ఆకు నలిపి వాసన ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పమ్మా.