దూకడం రాకపోవడమే కెప్టెన్ టోడ్ గొప్పతనం!

అందరికీ నమస్కారం! పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు నేరుగా గొడవలోకే దిగిపోతాను. ‘కెప్టెన్ టోడ్: ట్రెజర్ ట్రాకర్’ అనే వీడియో గేమ్‌లో హీరోకి దూకడం రాదు. 2014లో నింటెండో వాళ్ల వీ యూ గేమ్ మెషీన్ మీద వచ్చినప్పటి నుంచీ ఇదే ఫిర్యాదు. గెంతులకే పేరు పడ్డ మారియో ఇంటి నుంచి వచ్చిన గేమ్ అంట, గెంతు లేదంట, 40 డాలర్లు దండగంట! నేనంటాను, దూకడం రాకపోవడమే ఈ గేమ్‌కి ప్రాణం. ఒక్క జంప్ బటన్ పెట్టి ఉంటే మొదటి అరగంటలోనే చచ్చిపోయేది.

ఎలాగో చూడండి. పుట్టగొడుగు తల, వీపు మీద తనంత బ్యాగ్. ఆ బరువుకి కాళ్లు లేవవు. గట్టు దిగాడా, దిగినట్టే! మళ్లీ పైకి ఎక్కాలంటే నిచ్చెన దొరకాలి, లేదా చుట్టూ తిరిగి రావాలి. అందుకే ప్రతి అడుగు ముందూ ఆగి ఆలోచిస్తాం. కింద డైమండ్ కనపడుతోంది సరే, పైన వదిలేసిన దాని సంగతేంటి? ఒక్కో లెవెల్లో మూడు డైమండ్లు, చివర ఒక స్టార్. అదే దూకడం వచ్చి ఉంటే? గోడ మీంచి గోడ మీదకి గెంతి స్టార్ పట్టుకుని పోయేవాళ్లం. పజిల్ ఏది? తెలివి ఏది?

అసలు ఆ లెవెల్స్ చూశారా! నాకైతే అచ్చంగా మా ఇంటి సంక్రాంతి బొమ్మల కొలువే. ఓ మూల మట్టి పరిచి, ఆవాలు చల్లి పచ్చిక పెంచి, చిన్న చెరువు, చిన్న గుడి పెడతాం కదా. పిల్లలు ఏం చేస్తారు? ముందు నిలబడి ఊరుకోరు. పక్కకి వెళ్లి, వంగి, గుడి వెనకాల ఏముందో చూస్తారు. ఈ గేమ్ అంతా ఆ వంగి చూడటమే. కెమెరా తిప్పితే ఇంటి వెనక తలుపు, ఇంకొంచెం తిప్పితే గోడలో సందు. అంత ముద్దుగా ఉంటుంది!

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పాప బడిలో చదివేది ఒడియా. మా అమ్మకి వచ్చిన అక్షరాలు తెలుగు. ఇద్దరూ కలిసి చదవగలిగే పుస్తకం మా ఇంట్లో లేదు. ఈ గేమ్ ముందు మాత్రం పక్కపక్కనే కూర్చుంటారు. ‘వెనక్కి తిప్పవే అమ్మలూ, ఆ గోడ చాటున ఏదో మెరిసింది’ అంటుంది మా అమ్మ. ‘మామ్మా, ముందు ఈ దుంప పీకనీ’ అంటుంది పాప. నేల మీద మొక్క కనపడితే పీకడం, కింద దుంప ఉంటే శత్రువు మీదకి విసరడం. దీనికి ఏ లిపి కావాలి? కథంతా బొమ్మల్లోనే అర్థమైపోతుంది. వింగో అనే పక్షి స్టార్‌తో పాటు టోడ్ స్నేహితురాలు టోడెట్‌ని కూడా ఎత్తుకుపోతుంది, టోడ్ వెతుక్కుంటూ బయలుదేరతాడు. అంతే.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరాడిన మనిషి, కొండల్లో సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు రాసిన మనిషి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, ఇంట్లో తెలుగు ఉండిపోయింది. అందుకే నా లెక్క వేరు. సరిహద్దు ఇళ్లకి ఇలా మాటలు అడ్డం రాని గేమ్‌లే ముందు కొనాలి. నా మాట మీద నేను నిలబడతాను!

లోపాలు లేవా? ఉన్నాయి, వాటి మీద నాకు కోపం కూడా ఉంది. 70కి పైగా లెవెల్స్ పెట్టి బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, మాత్రం రెండే రకాలా? ఆ నిప్పుల డ్రాగన్, ఆ వింగో. కాస్త మార్చి మళ్లీ వాళ్లనే పంపుతారు. ఇరుకు గదుల్లో కెమెరా గోడకి తగులుకుంటుంది, మా అమ్మకి కళ్లు తిరిగాయి. 2018లో నింటెండో తర్వాతి మెషీన్ స్విచ్‌కి తెచ్చారు, బాగుంది. కానీ టీవీలో ఆడుతుంటే తెర మీద వస్తువుల్ని తాకడానికి పెట్టిన ఆ పాయింటర్ గుర్తు ఈగలా తిరుగుతూనే ఉంటుంది. వీ యూ టచ్ స్క్రీన్ కోసం చేసిన పనిని సగం సగం సర్దేశారు. ఇద్దరూ చెరొక బొమ్మని నడిపించే అవకాశం 2019 అప్‌డేట్‌తో గానీ రాలేదు. కుటుంబం ఆడే గేమ్‌కి అది మొదటి రోజే ఉండాలి కదా! ఇంకోటి, లెవెల్ అయిపోయాక అప్పుడు చెప్తారు బోనస్ పని ఏంటో. ముందే చెప్తే ఏం పోయింది?

ఇన్ని ఉన్నా దూకడం గురించి మాత్రం నేను తగ్గను. నమ్మనివాళ్లు చివర్లో వచ్చే మమ్మీ (గుడ్డ కట్లు చుట్టిన శవం) లెవెల్‌కి వెళ్లండి. 50 అంతస్తులు. మీరు నడిచిన దారినే అడుగు తప్పకుండా ఒక మమ్మీ, టోడ్ వెనకాలే వస్తుంది. మీ పాత అడుగులే మీ మీదకి వస్తాయి. దూకి తప్పించుకోవడం లేదు, దారి ముందే ఊహించాలి. మా పాప 31వ అంతస్తు దగ్గర ఆగింది. పక్కన మామ్మ వేలితో గాల్లో దారి గీస్తోంది.