వాట్లు కాదు, వోల్టులు అడగండి

అందరికీ నమస్కారం. పాతికవేలో, యాభైవేలో పోసి మంచి హెడ్‌ఫోన్ కొన్నాక దాన్ని నడపడానికి యాంప్లిఫయర్, అదే యాంప్ మీద ఇంకెంత పెట్టాలన్నది ఈరోజు విషయం. హెడ్‌ఫోన్ ధరలో సగమైనా యాంప్‌కి పెట్టకపోతే కొన్నదంతా దండగే అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ లెక్కకు ఆధారం లేదు. యాంప్ చేయాల్సిన పనులు మూడే. కావలసినన్ని వోల్టులు ఇవ్వాలి, కావలసినంత కరెంటు ఇవ్వాలి, మధ్యలో తన సొంత రుచి కలపకూడదు. ఈ మూడూ ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు 2011లో ‘ఓ2’ అనే యాంప్ డిజైన్‌ను అందరికీ తెరిచిపెట్టాడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడుస్తూ, కొలతల్లో ఖరీదైనవాటికి దీటుగా నిలబడింది. చవకదనాన్ని చూసి చిన్నచూపు చూడాల్సిన రోజులు అప్పుడే పోయాయి.

ఎన్ని వోల్టులు కావాలన్నది మాత్రం హెడ్‌ఫోన్‌నే అడగాలి. దాని స్పెక్ షీటులో రెండు అంకెలు చూడండి: ఇంపెడెన్స్ (కరెంటుకి అది ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఇంత సిగ్నల్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది). ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సెన్సిటివిటీని కొన్ని కంపెనీలు ఒక మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని, కొన్ని ఒక వోల్టుకి ఇన్ని డెసిబెల్స్ అని రాస్తాయి. ఏకేజీ కే702కి 105, హైఫైమాన్ సుందరకి 94 అని కనిపిస్తుంది. చూడగానే కే702ని నడపడం తేలికనిపిస్తుంది. నిజం తలకిందులు. ఆ 105 వోల్టుకి, ఈ 94 మిల్లీవాట్‌కి. సుందర ఇంపెడెన్స్ 37 ఓమ్‌లు. వెయ్యిని 37తో భాగిస్తే 27, అంటే ఒక వోల్టు ఇస్తే అది 27 మిల్లీవాట్లు తాగుతుంది. 27 రెట్లంటే 14 డెసిబెల్స్ పైచిలుకు, 94కి కలిపితే 108. ఒకే వోల్టు దగ్గర సుందరే 3 డెసిబెల్స్ గట్టిగా పలుకుతుంది.

అన్నిటినీ వోల్టు లెక్కలోకి మార్చుకుంటే పని సులువు. ప్రతి 6 డెసిబెల్స్‌కి వోల్టేజీ రెట్టింపు అని గుర్తుపెట్టుకుంటే కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. పాటలో అతి గట్టి శిఖరం 110 డెసిబెల్స్ దాకా వెళ్లగలిగితే ఎవరికైనా చాలు. ఇది శిఖరం మాత్రమే, వినే సగటు మట్టం కాదు సుమా. సగటు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కణ్ణుంచి 3 పెరిగిన కొద్దీ గంటలు సగమవుతాయి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తీసుకోండి. 300 ఓమ్‌లు, ఒక వోల్టుకి 103 డెసిబెల్స్. ఇంకో 7 కావాలి, అంటే 2.2 వోల్టులు. కరెంటు 7.5 మిల్లీయాంపులే. దీన్ని ‘మొండి హెడ్‌ఫోన్’ అని భయపెడతారు గానీ, ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ 2 వోల్టులిచ్చేదైతే దీన్ని 109 దాకా తీసుకెళ్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌ల రకానికి దాదాపు 3.9 వోల్టులు కావాలి, కరెంటు మాత్రం 6.5 మిల్లీయాంపులే. ఇది వోల్టుల ఆకలి. హైఫైమాన్ హెచ్‌ఈ6 దగ్గరికొస్తే 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. దానికి 4.7 వోల్టులతో పాటు 95 మిల్లీయాంపులు కావాలి, అంటే దాదాపు అర వాట్. మొదటిదానికి డాంగిల్, రెండోదానికి మామూలు టేబుల్ యాంప్, మూడోదానికి మాత్రమే నిజంగా బలమున్న యాంప్. ‘32 ఓమ్‌లకి 1 వాట్’ అని అట్టపెట్టె మీద రాసుంటే దాన్ని 5.7 వోల్టులు, 177 మిల్లీయాంపులు అని చదువుకోండి. అలాంటి యాంప్ ఈ మూడింటినీ నడుపుతుంది. అంతకన్నా పెద్ద అంకెకి డబ్బు పెట్టడం, స్కూటర్‌కి లారీ ఇంజను బిగించడం లాంటిదే.

ఒక్క మినహాయింపుంది. ఈక్వలైజర్‌లో బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచేవాళ్లు, సౌండ్ పగలకుండా మొత్తం సిగ్నల్‌ని 6 తగ్గించాలి. అప్పుడు హెచ్‌డీ 650కి కావలసిన 2.2 కాస్తా 4.4 వోల్టులవుతుంది. మట్టం తక్కువగా రికార్డు చేసిన పాత కచేరీలు వినేవాళ్లదీ ఇదే సంగతి. వాళ్లకు టేబుల్ యాంప్ దండగ కాదు.

యాపిల్ డాంగిల్ గురించి అందరూ అడుగుతారు. అది 1 వోల్టు ఇస్తుంది, యూరప్‌లో అమ్మే రకమైతే సగమే. కొలతల్లో చాలా శుభ్రమైన వస్తువు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని లోపలి వాల్యూమ్ పూర్తిగా తెరుచుకోదు. ఫోన్ స్లైడర్ చివరిదాకా లాగినా సౌండ్ నీరసంగానే ఉంటుంది. అదే డాంగిల్‌ని లాప్‌టాప్‌కి పెట్టి చూడండి. అక్కడ బాగా పలికితే తప్పు డాంగిల్‌ది కాదు.

మూడో పనికి వద్దాం: రుచి కలపకపోవడం. దీనికి అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తన లోపల పెట్టుకున్న అడ్డు చూడాలి. చవక వస్తువుల పెట్టెల మీద ఇది చాలాసార్లు ఉండదు, మనమే కొలుచుకోవాలి. ఇక్కడ బల్ల మీద మామూలు మల్టీమీటర్, 33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, కత్తిరించిన పాత ఆక్స్ కేబుల్ ఉన్నాయి. ముందు హెడ్‌ఫోన్ పీకేసి, దాని చోట ఈ కేబుల్ పెట్టండి. ఫోన్‌లో 60 హెర్ట్జ్ టోన్ పెట్టండి. 1000 పెడితే చవక మీటర్లు తప్పు చూపిస్తాయి, అవి ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే నమ్మదగినవి. మీటర్ని ఏసీ వోల్టుల మీద ఉంచి, ఎడమ చానల్ తీగకీ గ్రౌండ్ తీగకీ మధ్య సరిగ్గా 1.00 వచ్చేదాకా నాబ్ తిప్పండి. ఇక నాబ్ ముట్టుకోకండి. ఇప్పుడు ఆ రెండు తీగల మధ్య రెసిస్టర్ పెట్టండి. 0.98 చూపిస్తోంది. ఒకటిని 0.98తో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే 0.7 ఓమ్. మంచి యాంప్. అదే 0.77కి పడిపోయి ఉంటే దాదాపు 10 ఓమ్‌లు. టోన్ ఆపేసి, రెసిస్టర్ తీసేసి, మీటర్ని డీసీకి తిప్పి మళ్లీ చూడండి. ఇది పాట లేకున్నా యాంప్‌లోంచి కారే డీసీ, 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫరవాలేదు. 50 దాటితే మీ హెడ్‌ఫోన్ దానికి తగిలించకండి.

10 ఓమ్‌లు ఎవరికి నష్టం? హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి అది 2 ఓమ్‌లు. అందులో ఎక్కువ డ్రైవర్లు (సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్లు) ఉంటే ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీతో పాటు ఎగుడుదిగుడుగా మారుతుంది కాబట్టి, 10 ఓమ్‌ల యాంప్ మీద స్వరం బాగా మారిపోవచ్చు. హెచ్‌డీ 650కి తేడా 0.1 డెసిబెల్ మాత్రమే, వినబడదు. సుందర, హెచ్‌ఈ6 లాంటి ప్లానార్ (పల్చటి పొర మొత్తంగా కదిలే రకం) హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్ దాదాపు గీత గీసినట్టు ఉంటుంది. వాటిలో సౌండ్ కాస్త తగ్గుతుంది గానీ స్వరం మారదు.

ట్యూబ్ యాంప్‌ల ‘వెచ్చదనం’లో కొంత భాగం ఇదే లెక్క. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ యాంప్‌కి 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉందనుకోండి. హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ బేస్ దగ్గర 500 దాకా లేస్తుంది. ఫలితంగా అక్కడ ఒక డెసిబెల్ ఉబ్బు వస్తుంది. ఇష్టమైతే తప్పేం లేదు, కానీ అదే ఉబ్బు ఈక్వలైజర్‌లో ఉచితం. ట్యూబ్, ట్రాన్సిస్టర్ కలిపిన చవక హైబ్రిడ్‌లలో ఎర్రగా వెలిగే ట్యూబ్ చాలాసార్లు అలంకారమే.

గెయిన్ స్విచ్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది) తక్కువలోనే ఉంచి మొదలుపెట్టండి. ఎక్కువ గెయిన్‌లో నాబ్ ఇంకా అడుగున, గడియారంలో ఎనిమిది గంటల చోటే ఉండగా చెవులు పగిలితే అది మంచి శక్తికి గుర్తు కాదు. చవక నాబ్‌లు అడుగున ఎడమ, కుడి సమానంగా ఇవ్వవు, గాయకుడు ఒక పక్కకి జరిగిపోతాడు. నాబ్ సగం దాకా తిరిగేలా గెయిన్ ఎంచుకోండి.

బ్యాలెన్స్‌డ్ (ఎడమ, కుడి చానళ్లకి వేర్వేరు మైనస్ తీగలుండే) 4.4 మిల్లీమీటర్ల జాక్‌కి ఒక్క హెచ్చరిక. బ్యాలెన్స్‌డ్ యాంప్‌లోంచి 3.5 జాక్‌కి మార్చే అడాప్టర్ కొనవద్దు. అది రెండు మైనస్ తీగల్ని కలిపేస్తుంది, యాంప్ కాలిపోవచ్చు. 4.4 జాక్ ఉన్న హెడ్‌ఫోన్‌ని మామూలు యాంప్‌కి పెట్టే అడాప్టర్‌తో ఏ ఇబ్బందీ లేదు.

గుంయ్‌మనే మోత వస్తే యాంప్‌ని తిట్టే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకండి. మోత ఆగితే అది యూఎస్‌బీ కేబుల్ ద్వారా వస్తున్న గ్రౌండ్ గొడవ. ఆప్టికల్ కేబుల్ వాడితే చాలావరకు పోతుంది. వేలు ఆనిస్తే లాప్‌టాప్ బాడీ జివ్వుమంటుంటే, చార్జర్‌ది రెండు పిన్నుల ప్లగ్గో, గోడలో ఎర్త్ లేదో చూడండి. మోత పోతుందని ఎర్త్ పిన్ విరిచేసే పని మాత్రం ఎన్నటికీ చేయకండి.

చివరిగా, అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లకి. జేడీఎస్ ల్యాబ్స్ యాటమ్, షిట్ మ్యాగ్ని లాంటివి ఫోన్ చార్జర్ లాంటి అడాప్టర్‌తో నడవవు. వాటి అడాప్టర్ లోపల ఉత్త ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, ఏసీనే బయటికిస్తుంది. అక్కడిది 120 వోల్టులకి చేసినది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 230లో పెడితే నిమిషాల్లో పొగ. ఆర్డరు పెట్టేటప్పుడే 230 వోల్టుల అడాప్టర్ అడగండి. ఇంట్లో ఉందికదా అని 16 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టకండి. ఇలాంటి యాంప్‌ల లోపల ప్లస్, మైనస్ సరఫరాలు రెండూ ఏసీ నుంచే పుడతాయి, డీసీ పెడితే ఒకవైపే వెలుగుతుంది.

మల్టీమీటర్, రెసిస్టర్ ఇక్కడే ఉంచుతాను. యాంప్ వెంట తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటే కొలుద్దాం.