తొమ్మిదో తరగతి పిల్లల వెన్ను గురించి తల్లిదండ్రులతో

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, ఈ పూట పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరకు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలను తీసుకువచ్చే తల్లులు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "ఎన్నిసార్లు చెప్పినా నిటారుగా కూర్చోడండీ, గూని వచ్చేస్తుందేమోనని భయంగా ఉంది." ఆ మాట వినగానే పిల్లవాడు ఛాతీ విరుచుకుని కూర్చుంటాడు, నేను తల్లితో రెండు మాటలు మాట్లాడేలోపు మళ్ళీ వంగిపోతాడు. దాన్ని మొండితనం అనుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఆ భంగిమను నిలిపి ఉంచే శక్తి అతని వీపు కండరాలకు ఇంకా రాలేదు. రోజుకు ఇరవైసార్లు మందలించినంత మాత్రాన ఆ శక్తి రాదు.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. మెడకూ నడుముకూ మధ్య, ఛాతీ వెనక ఉండే 12 వెన్నుపూసలు పుట్టుకతోనే కొంచెం వెనక్కి ఉబ్బిన వంపులో ఉంటాయి. ఎక్స్‌రేలో కొలిస్తే అది 20 నుంచి 45 డిగ్రీల వరకు ఉండటం సహజమే. కనుక వీపు గుండ్రంగా కనబడిన ప్రతి బిడ్డకూ జబ్బు ఉన్నట్టు కాదు. మనం తేల్చుకోవలసింది ఆ వంపు కదిలేదా, బిగుసుకుపోయినదా అన్నదే. బిడ్డను చాప మీద బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఆని తల, ఛాతీ పైకెత్తమనండి. అప్పుడు వీపు చదునుగా సర్దుకుంటే అది చాలావరకు అలవాటు వల్ల వచ్చిన వంపే, సాధనతో బాగుపడుతుంది. సర్దుకోకుండా వంపు అలాగే నిలిచి ఉంటే వైద్యునికి చూపించాలి. 1920 ప్రాంతంలో డెన్మార్క్ వైద్యుడు హోల్గర్ షాయర్‌మన్ వర్ణించిన ఒక స్థితి ఈ వయసులోనే బయటపడుతుంది. అందులో వెన్నుపూసల ముందు భాగం వెనక భాగమంత ఎదగక అవి ముందు సన్నగా, వెనక మందంగా చీలల్లా తయారవుతాయి. ఎక్స్‌రేలో వరుసగా మూడు పూసలు ఒక్కొక్కటి 5 డిగ్రీలు, అంతకు మించి అలా వాలి ఉంటే వైద్యులు దాన్ని నిర్ధారిస్తారు. దీనికి బ్రేస్, అంటే వీపును నిటారుగా పట్టి ఉంచే గట్టి కవచం వేయించాలంటే ఎముకలు ఇంకా ఎదుగుతున్నప్పుడే ప్రయోజనం, అందుకే ఆలస్యం చేయకూడదు.

మరో పరీక్ష కూడా ఇంట్లోనే చేయవచ్చు. పిల్లవాణ్ణి మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని వెనక నుంచి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే అది పక్కవంపు కావచ్చు, దాన్ని ఎముకల వైద్యునికి చూపించాలి. రాత్రి నిద్రలో లేపేంత నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో తిమ్మిరి, వెన్ను మధ్య ఒక్కచోట మొనదేలిన ఉబ్బు, వీటిలో ఏది కనబడినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మన దేశంలో వెన్నుకు సోకే క్షయ ఇప్పటికీ ఉంది, దానికి మందులూ ఉన్నాయి.

ఇక మిగిలిన అత్యధికుల సంగతి. ఈ వయసులో పిల్లలు ఎందుకు వంగుతారు? ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలు 14 ఏళ్లకు అతి వేగంగా పొడుగెదుగుతారు, ఎముకల వేగాన్ని కండరాల బలం కొంతకాలం అందుకోలేదు. తరగతిలో అందరికన్నా పొడుగైన అబ్బాయి కలిసిపోవడానికి తల దించుకుంటాడు. ఎదుగుతున్న ఒంటిని చూసి సిగ్గుపడే ఆడపిల్ల పుస్తకాలను గుండెలకు హత్తుకుని భుజాలు ముందుకు ముడుచుకుంటుంది. ఆ పిల్లకు "గూనిదానిలా నడవకు" అన్న మాట ఎంత కోత పెడుతుందో ఆలోచించండి. సరైన కొలత లోదుస్తులు, తల్లి చెప్పే నాలుగు ధైర్యపు మాటలు ఆమెకు నా వ్యాయామాలకన్నా ముందు అవసరం.

తర్వాతది చదువు. నేల మీదో మంచం మీదో కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని మూడు గంటలు ఏకబిగిన రాస్తే ఎవరి వీపైనా వంగుతుంది. కుర్చీ, బల్ల కొనలేని ఇంట్లో పాత పీటను ఒళ్లో ఎత్తుగా పెట్టి, దాని మీద పుస్తకాన్ని వాలుగా ఆనిస్తే చాలు. గోడకు వీపు ఆనించి, నడుము వెనక మడిచిన దుప్పటి పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, అరగంటకొకసారి లేపి, మంచినీళ్లు తెమ్మనో మరో పనో చెప్పి నాలుగడుగులు వేయించండి. ఫోనును కళ్ల ఎత్తుకు తేవడం మంచిదే. అయితే తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని చూసి బెంగపడకండి. 2014లో ఒక అమెరికన్ శస్త్రవైద్యుడు కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క అది, మీ బిడ్డ మెడను కొలిచి చెప్పినది కాదు. వంగడంకన్నా గంటల తరబడి కదలకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని, వారానికి మూడు రోజులైనా కండరాలను, ఎముకలను బలపరిచే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. డ్రిల్లు పీరియడును లెక్కల క్లాసుకు ఇచ్చేయవద్దని ఉపాధ్యాయులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

వ్యాయామాలు కొద్దిగానే చెబుతాను, ఎక్కువ చెబితే ఏదీ చేయరు. మొదటిది, బోర్లా పడుకుని నుదురు నేలకు ఆనించి, చేతులు రెండు పక్కలకూ చాచి, బొటనవేళ్లు పైకి ఉంచి, భుజాల వెనకనున్న రెక్క ఎముకలను దగ్గరకు లాగుతూ చేతులను బెత్తెడు ఎత్తు లేపాలి. ఐదు లెక్కపెట్టి దించాలి. అలా పదిసార్లు, రెండు విడతలు. రెండవది, తువ్వాలును గట్టిగా చుట్టి, రెక్క ఎముకల కింది అంచు దగ్గర అడ్డంగా పెట్టుకుని, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, చేతులతో తలను ఆదుకుంటూ రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. మూడవది, గుమ్మం చట్రానికి రెండు ముంజేతులూ ఆనించి ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీ ముందు కండరాలు సాగుతాయి. ముప్పై సెకన్లు, మూడుసార్లు. భుజంగాసనం, శలభాసనం వచ్చిన పిల్లలు వాటినీ కలుపుకోవచ్చు. నొప్పి పుడితే ఆపేయాలి. మొదటిదాన్ని వారానికి మూడు రోజులు, మిగతా రెండింటిని రోజూ చేస్తే మార్పు కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది.

భుజాలను వెనక్కి లాగే బెల్టులు కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. నా అభిప్రాయంలో వద్దు. కట్టుకున్నంతసేపు అవి గుర్తుచేస్తాయి, కండరానికి బలం మాత్రం ఇవ్వవు. బడి సంచి సంగతి ఒక్క మాట: కేంద్ర ప్రభుత్వ 2020 విధానం ప్రకారం అది పిల్లల బరువులో పదోవంతు మించకూడదు. 40 కిలోల బిడ్డకు 4 కిలోలు. రెండు పట్టీలూ భుజాలకు వేసుకోవాలి.

వరండాలో చాపలు పరిచి ఉంచాం. చాప మీద పరీక్ష, వంగే పరీక్ష ఎలా చేయాలో ఇప్పుడు అందరికీ చూపిస్తాను. ఆడపిల్లలను తల్లుల సమక్షంలో పక్క గదిలో మా మహిళా సహోద్యోగి చూస్తారు. దయచేసి మీ పిల్లల పక్కన మీరూ చాప మీదకు రండి.